నూట ఎనిమిది ఎర్రదారాలు

వల నీళ్ళలోంచి పూర్తిగా లేవకముందే సంచి బరువు చూసి రహస అన్నాడు, "ఇందులో రొయ్య తక్కువ, మొక్కు ఎక్కువ."

రహస ఆ బోటుకి ఇంజను మనిషి. నోరు ఊరుకోదు. బోటు నడిపే సరంగు కులమణి తరాయికి నోరు లేవదు. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే బోటు మీద ఉన్నారు కాబట్టి ఒకడి లోటు ఇంకొకడు తీరుస్తున్నాడు.

వల లాగే వించి మూలుగుతూ ఇనుపతాడును చుట్టుకుంది. బోటు వెనక వలసంచి వేలాడుతూ బురదనీళ్ళు కార్చింది. కులమణి కొడుకు ఉచ్ఛబ వంగి సంచి అడుగున ఉన్న ముడి లాగాడు. రొయ్యలు, జెల్లలు, పీతలు, సముద్రపు చెత్త కుప్పగా జారాయి. వాటి వెనకే ఒకటొకటిగా దబ్బు దబ్బుమని తాబేళ్ళు పడ్డాయి. ఏడు. ఒకటి వెల్లకిలా పడి, పడ్డట్టే ఉండిపోయింది.

కులమణి చుక్కాని బోటు వంటవాడు బిదురకి అప్పగించి వచ్చాడు. ఒక్కొక్కదాని ముందూ గొంతుక్కూర్చుని కంటి మీద వేలు ఆనించి చూశాడు. రెప్ప ఆవగింజంత కదిలినా ప్రాణం ఉన్నట్టే. రెండింటికి కదల్లేదు. వాటి వీపుల మీద చిటికెడు సిందూరం పెట్టాడు. అయిదింటికి కదిలింది. నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలోంచి అయిదు ఎర్రదారాలు తీసి, ఒక్కోదాని ఎడమ ముందురెక్కకి రెండేసి ముళ్ళు వేశాడు.

"ఊఁ, కానీండి," అన్నాడు.

ఉచ్ఛబ, రహస చెరో పక్కా పట్టుకుని ఎత్తి సముద్రంలోకి విసిరారు. ముందు దారం ఉన్నవి, తరవాత సిందూరం ఉన్నవి. బతికున్న తాబేలు పడవ మీద నిమిషం కూడా ఉండకూడదనేది కులమణి తండ్రి కాలం నాటి మాట. నల్లని దేవుడు కాలియా సామి ఎత్తిన కూర్మరూపం అది. దాన్ని చేపల బురదలో పడేసి ఉంచితే పడవకి అరిష్టం. పైగా నీళ్ళలో బతికేదానికి నీళ్ళే ఊపిరి. తగలగానే లేచి తన దారిన పోతుంది.

పోయిందా లేదా అని ఎవరూ అంచు మీద నుంచి వంగి చూడలేదు. మంచు విడేలోగా ఇంకోసారి వల వెయ్యాలి.

"అరవై ఏడు," అన్నాడు కులమణి.

"మౌసా, ఒక మాట అడుగుతాను, తిట్టకు," అన్నాడు రహస, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. "వలలో ఆ ఇనుపచట్రం, దాని పైన కన్నం. అవి సర్కారోళ్ళు ఇచ్చింది తాబేలు తనంతట తను బయటికి పోవడానికే కదా. ఆ కన్నాన్ని కుట్టేసిందెవరు?"

"నేనే."

"విప్పేస్తే?"

"రొయ్యలు పోతాయి," అన్నాడు ఉచ్ఛబ.

"రొయ్యల గోల ఉండనీరా. కన్నం ఉంటే తాబేలు డెక్కెక్కదు. డెక్కెక్కకపోతే మీ నాన్న దారం దేనికి కడతాడు, నీ మొలకా?" రహస పడీపడీ నవ్వాడు. "వదిలిపెట్టడానికి పట్టుకోవాలి! ఇలాంటి మొక్కు నా జన్మలో చూళ్ళేదు."

కులమణి చుక్కాని దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం చెవిలో దూరిన నీటిబొట్టులా ఉండిపోయింది.

మొక్కు అతని కోడలు కుంతలది. కాపురానికొచ్చి నాలుగేళ్ళు. మొదటి కాన్పు ఏడో నెలలో జారిపోయింది. రెండోది ఆడపిల్ల, పొద్దున పుట్టి సాయంత్రానికి చల్లబడింది. రెండూ మాఘంలోనే. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి గుంపులు కట్టి ఒడ్డు ముందుకొచ్చే రోజులవి. ఆ నెలల్లో ఒడ్డు ముందు సర్కారు పెట్టిన హద్దు గీత లోపల వల వెయ్యకూడదని చట్టం ఉంది. వెయ్యకపోతే ఏం తినాలో చట్టంలో లేదు. వాళ్ళ ఊరు బాలిసాహి బోట్లన్నీ మంచు చాటున లోపలికే వెళ్ళేవి.

మూడోసారి నెల తప్పాక, కులమణి భార్య చంపా కోడల్ని మంగళా అమ్మవారి గుడికి తీసుకెళ్ళింది. అక్కడ అమ్మవారు పూనే ముసలిదుంది. జుట్టు విరబోసుకుని, చేతిలో బెత్తం పట్టుకుని, అడక్కుండానే చెప్పింది. "మీ ఇంటి మగాళ్ళ చేతుల మీద కూర్మం ఉసురు ఉంది. ఈ బిడ్డ భూమ్మీద పడేలోగా నూట ఎనిమిదింటిని ప్రాణాలతో వదలండి. తగ్గితే నా దగ్గరికి రాకండి."

కుంతల ఆ రోజే ఎర్రనూలు తెచ్చింది. ఏడు పోగులు కలిపి, తొడ మీద పేని, చివర చిన్న ఉచ్చు వేసి ఒక్కో దారం చేసింది. నూట ఎనిమిదీ చేసేసరికి తొడ చర్మం లేచిపోయింది. వాటిని గురువారం అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చి, మామగారి చేతికి ఇమ్మని అత్తకిచ్చింది.

సాయంత్రం బోటు దిగి కులమణి ఇంటికొచ్చాడు. చంపా నీళ్ళు పోసి నానబెట్టిన పఖాళన్నం గిన్నె, కాల్చిన ఎండుచేప, పచ్చిమిరపకాయ ముందు పెట్టింది. కుంతల తలుపు చాటున ముసుగు లాక్కుని నిలబడింది. ఎనిమిదో నెల. తలుపు వెనక నుంచి కడుపు మాత్రం కనిపిస్తోంది.

"బాపా, ఇవాళ ఎన్ని?"

"అయిదు."

"బతికున్నవే కదా?"

"కళ్ళు కదిలాయి."

"అయితే నలభై ఒక్కటి మిగిలాయి." కడుపు మీద అరచెయ్యి వేసుకుని లోపలికి చెప్పినట్టు చెప్పింది. "విన్నావా? తాత ఇంకా నలభై ఒకటి వదలాలి. అప్పటిదాకా కదలకుండా కూర్చో."

ఉచ్ఛబ నూతి దగ్గర ఒళ్ళు రుద్దుకుంటూ అరిచాడు. "నేనూ పొద్దుట్నించీ సముద్రంలోనే ఉన్నాను. నేను బతికున్నానో లేదో అడిగే దిక్కు లేదు!"

"నీకు దారం కట్టలేదుగా," అంది కుంతల. "ఎలా పోతే మాకేం?"

చంపా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం కులమణి చూశాడు. కులమణి అన్నీ చూస్తాడు. అడగడు.

ఫాల్గుణం దగ్గరపడి దక్షిణపు గాలి తిరిగింది. ఆ గాలికి సముద్రంలో పోయినవన్నీ ఒడ్డుకొస్తాయి. ఏటా అంతే. కంపు భరించలేక గుంటలు తీసి పూడ్చడానికి ఊళ్ళో ఆడవాళ్ళని కూలికి పిలుస్తారు. చంపా నాలుగేళ్ళుగా ఆ పనికి వెళ్తోంది. కులమణి మాత్రం ఆ నెలల్లో సరుగుడు తోట దాటి ఒడ్డు వైపు వెళ్ళేవాడు కాదు. బోటు రేవు ఏటి వైపుంది. అటు నుంచి అటే.

ఆ రోజు బోటు కింద నీళ్ళలో తిరిగే పంకా రేకు విరిగి పని ఆగింది. పొద్దున్న కుంతలకి కాళ్ళు కుండల్లా వాచాయి. చంపాని పిలుచుకు రమ్మని ఎవరినైనా పంపుదామంటే ఎవరూ లేరు. కులమణి తనే బయల్దేరాడు.

తోట దాటగానే వాసన మొహం మీద కొట్టింది. కనిపించినంత మేరా ఇసకలో చట్టులు బోర్లించినట్టు ఉన్నాయి తాబేళ్ళు. కొన్ని ఉబ్బి వీపులు పగిలాయి. కొన్నింటికి మెడ దగ్గర నుంచి కుక్కలు మొదలుపెట్టాయి. కాకులు కళ్ళతో సరిపెట్టుకున్నాయి. ఒక కుక్క తిని తిని కక్కి, మళ్ళీ తింటోంది.

చంపా గుంటల దగ్గర లేదు. దూరంగా ఒక తాబేలు పక్కన కూర్చుని ఉంది. చేతిలో చేపల కత్తి. దాని రెక్క దగ్గర ఏదో కోస్తోంది. కులమణి అడుగుల చప్పుడు ఇసకలో వినపడలేదు.

"ఏంటది?"

చంపా ఉలిక్కిపడి పిడికిలి మూసింది. మొగుణ్ణి ఎప్పుడూ కొడుకు పేరుతోనే పిలుస్తుంది. "ఉచ్ఛబ బాపా! నువ్విటెందుకొచ్చావు?"

"చెయ్యి తెరు."

తెరవలేదు. అతను వంగి వేళ్ళు విప్పాడు. ఎర్రదారం. ఏడు పోగులు, చివర ఉచ్చు, మీద తను వేసిన రెండు ముళ్ళు.

కులమణి తాబేలు వైపు చూశాడు. రెక్క మీద దారం ఒరిపిడికి గాడి పడి ఉంది. కన్ను ఉన్నచోట కన్ను లేదు.

"ఎన్ని?"

"ఇవాళ మూడు."

"మొత్తం?"

"మొత్తం ఎందుకిప్పుడు..."

"చంపా."

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె తల దించుకుంది. "ముప్పై ఎనిమిది. మన ఒడ్డుకొచ్చినవి. తక్కినవి ఏ ఒడ్డున పడ్డాయో నాకు తెలీదు."

గుంటలో ఆడవాళ్ళు పారలు ఆపారు. వాళ్ళలో పెద్ద నోరున్నది, ఊరందరికీ పిన్ని వరసైన మాలి ఖుడీ ముక్కు మీంచి గుడ్డ తీసి, "మీ కోడలి చేతిపని గట్టిదే సరంగూ! తాబేలు కుళ్ళింది గానీ దారం కుళ్ళలేదు," అంది. పక్కావిడ ఆమె మోచెయ్యి పొడిచింది. "ఊరుకో. కడుపుతో ఉన్నదాని చెవిన పడనివ్వమని ఒట్టేసుకున్నాం కదా."

అంటే ఊరంతటికీ తెలుసు. కుంతలకీ తనకీ తప్ప.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే?" చంపా గొంతు తగ్గించింది. "రోజూ తలుపు చాటునుంచి అది అడుగుతుంది. నువ్వేం చెప్పేవాడివి? నోరు మూసుకోవడం వేరు, అబద్ధమాడ్డం వేరు. నీకొచ్చింది మొదటిదొక్కటే."

"వాటికి ప్రాణం ఉంది. నేను చూశాను. రెప్పలు కదిలాయి."

"నేను కాదన్నానా?"

తను వచ్చింది కోడలి కాళ్ళ సంగతి చెప్పడానికని కులమణికి ఇంటికి సగం దూరం పోయాక గుర్తొచ్చింది.

రెండు రోజులు అతను అన్నం ముందు కూర్చుని లేచాడు. రెప్పలు కదిలినవి ఎందుకు చచ్చాయి? మూడోరోజు పడవ మీద వల బాగుచేస్తుంటే ఎప్పటిదో గుర్తొచ్చింది. ఏటి మొగలో బిదుర తమ్ముడు మునిగితే పైకి లాగారు. ఊపిరి లేదు, కళ్ళు తేలేశాడు. అప్పుడు వాణ్ణి ఏటవాలు ఇసకలో తల దిగువకి పెట్టి పడుకోబెట్టి, నోట్లోంచి నీళ్ళు కారేదాకా అందరూ చుట్టూ కూర్చున్నారు. రెండు గంటలకి వాడు దగ్గాడు. వాణ్ణి పైకి తియ్యగానే మళ్ళీ నీళ్ళలో పడేసి ఉంటే?

తాబేలు ఊపిరికి పైకి రావాలి. అది ఎంత వెధవకైనా తెలుసు. మూడు గంటల సేపు వలలో అడుగున ఈడిస్తే దానికి ఊపిరెక్కడిది? సొమ్మసిల్లినదానికి ఈదే ఓపికెక్కడిది?

నాలుగోరోజు వలలో మూడొచ్చాయి. రెండింటికి సిందూరం. మూడోదాని రెప్ప కదిలింది. ఉచ్ఛబ రెక్క పట్టుకోబోయాడు.

"ఉంచు," అన్నాడు కులమణి.

దాన్ని తనే ఈడ్చుకెళ్ళి, వెనక భాగం కింద తాడు చుట్ట పెట్టి, తల దిగువకి ఉండేట్టు పడుకోబెట్టాడు. మీద తడిగోనె కప్పాడు.

"పడవ మీద ఉంచకూడదని నువ్వే అన్నావు," అన్నాడు ఉచ్ఛబ.

"అన్నాను."

"చిక్కితే ఏడేళ్ళు జైలు, బాపా. తాబేలుతో చిక్కితే ఏడేళ్ళు."

"దానికి చాప, దిండు కూడా ఇవ్వమంటావా మౌసా?" అన్నాడు రహస. అయినా మధ్యలో రెండుసార్లు వచ్చి గోనె తడిపి పోయాడు.

పొద్దు నడినెత్తికెక్కింది. తాబేలు నోట్లోంచి సన్నగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కులమణి చుక్కాని దగ్గర నిలబడి వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. ఒక దశలో చచ్చిందనే అనుకున్నాడు. అప్పుడు గోనె లేచింది. తాబేలు మెడ చాచి, ముసలి మనిషి మంచం మీంచి లేస్తూ వదిలినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. మళ్ళీ తీసుకుంది. ముందురెక్కలు రెండూ డెక్కుని బాదాయి.

నలుగురూ ఎవరి పని వాళ్ళు ఆపారు.

కులమణి దారం కట్టాడు. విసరనివ్వలేదు. తాళ్ళతో దించాడు. ఈసారి అంచు మీంచి వంగి చూశాడు. కిందికి పోయింది. బోటుకి పాతిక బారల దూరంలో తల పైకెత్తి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మునిగింది.

"అరవై ఎనిమిది," అన్నాడు రహస మెల్లిగా.

"ఒకటి," అన్నాడు కులమణి.

చచ్చినవాటిని వల చంపింది. బతికున్నవాటిని, వెతికి వెతికి, దారం కట్టి తను చంపాడు.

ఆ సాయంత్రం రేవులో వల ఆరేశాక అతను ఒక్కడే కూర్చుని కత్తి తీశాడు. ఇనుపచట్రం పైన తను నైలాను తాడుతో కుట్టిన కుట్లు దగ్గర దగ్గరగా, అందంగా ఉన్నాయి. మొదటి కుట్టులో కత్తిమొన దూర్చాడు. దూర్చి ఆగాడు. కుంతల చేతి దారాలు ఇంకా నలభై ఉన్నాయి. నెల లోపు కాన్పు. కన్నం విప్పితే ఒక్క తాబేలూ పైకి రాదు. పైకి రాకపోతే లెక్క నిండదు. తగ్గితే రావద్దని అమ్మవారంది.

కత్తి మడిచి మొలలో దోపుకున్నాడు.

తరవాత రెండు వారాల్లో పదహారింటిని బతికించాడు. గోనెల కింద, తల దిగువకి పెట్టి, గంటలకొద్దీ. రొయ్యలు పోసుకోవడానికి చోటు లేక రహస తిట్టాడు. అన్నం వండడానికి చోటు లేక బిదుర తిట్టాడు. ఉచ్ఛబ తిట్టలేదు, మాట్లాడ్డం మానేశాడు. ఇంట్లో కుంతల, "ఇవాళ రెండేనా? మొన్న ఒకటేనా? ఎందుకు తగ్గాయి బాపా?" అని అడిగేది. "నిన్న అద్దంలో చూసుకున్నాను, కాళ్ళే కాదు, మొహం కూడా వాచింది. రోజులు లేవు నాకు," అనేది. ఆఖర్న ఒక సాయంత్రం ముసుగులోంచి ఏడుపు వినిపించింది. "మీరు సరిగ్గా వెతకడం లేదు. పోయినసారి పిల్లకి పాలు కూడా పట్టలేదు నేను."

ఇరవై నాలుగు దారాలు మిగిలాయి.

మరునాడు పొద్దున దట్టమైన మంచు. వల లేచినప్పుడు వించి ఆగిపోతుందేమో అనిపించింది. సంచి ముడి లాగితే తాబేళ్ళు తప్ప ఇంకేం పడలేదు. ఒకదాని మీద ఒకటి, డెక్కు నిండిపోయి, చుక్కాని గది గుమ్మం దాకా. ఉచ్ఛబ లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. అయిదు చచ్చాయి. ఇరవై ఆరింటి రెప్పలు కదిలాయి.

"అన్నిటినీ తల దిగువకి పెట్టండి," అన్నాడు కులమణి. "గోనెలు తేండి. వలలు కప్పండి. బట్టలు విప్పి కప్పండి."

పెట్టారు. బిదుర తన పంచె విప్పి తడిపి కప్పాడు. గంట గడిచింది. మంచు పలచబడింది. ఒక తాబేలు మెడ కదిలించింది. అది గుంపులోకెల్లా చిన్నది, వీపు అంచున పాత గాటు ఉంది. మెడ ఎత్తి ఊపిరి తీసుకుంది. దానికింకా దారం కట్టలేదు.

అప్పుడే రహస తూర్పుకి చెయ్యి చూపించాడు. గస్తీ పడవ. ముక్కు వీళ్ళ వైపే ఉంది.

"ఇంజను!" అన్నాడు కులమణి.

"ఇంజను సరే, ఈ సంతని ఏం చేస్తావు?" అని రహస అరిచాడు. "గీత దాటేలోపు అందుకున్నారంటే ఇరవై ఆరు తాబేళ్ళు! ఉరి తీసినా తీస్తారు!"

"బాపా." ఉచ్ఛబ రెండు వారాల తరవాత నోరు విప్పాడు. "బిడ్డ పుట్టేసరికి తండ్రీ తాతా ఇద్దరూ జైల్లో ఉండాలా? అది ఒక్కతీ ఏం చేస్తుంది?" మాట పూర్తికాకుండానే ఒక తాబేలు రెక్క పట్టుకుని అంచుకి ఈడ్చాడు.

"ఆగు," అన్నాడు కులమణి.

ఉచ్ఛబ ఆగాడు. కులమణి నడుము సంచి విప్పి దారాలన్నీ బయటికి తీశాడు. ఇరవై నాలుగు. సగం కొడుకు చేతిలో పెట్టాడు.

"కట్టి వెయ్యి."

ఉచ్ఛబ దారాల వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. "ఇవి మునిగిపోతాయి. నువ్వే చూపించావు కదా. ఇప్పుడేస్తే మునిగి చస్తాయి."

"తెలుసు. కట్టు."

తండ్రీ కొడుకూ రెండు వైపుల నుంచి మొదలుపెట్టారు. రెండు ముళ్ళు, ఎత్తడం, విసరడం. రెండు ముళ్ళు, ఎత్తడం, విసరడం.  నూరు మార్లకి పైగా వేసిన ముడి, కులమణి వేళ్ళు వాటికవే వేసుకుపోయాయి. ఒకటి నీళ్ళలో పడి ఒరిగి, తెల్లటి పొట్ట కనిపించేలా తిరిగి, నెమ్మదిగా దిగిపోయింది. దాని మీద ఇంకోటి పడింది. పదో పదకొండో దగ్గర ఒకటి అతని మణికట్టుని రెక్కతో చుట్టింది. పసిపిల్లలు వేలు పట్టుకున్నట్టు, గట్టిగానూ కాదు, వదులుగానూ కాదు. రెక్క విడదీసి దారం కట్టాడు.

దారాలు అయిపోయాయి. ఇంకా రెండు మిగిలాయి. దారం లేకుండానే విసిరారు. వాటిలో ఒకటి వీపు మీద గాటున్న చిన్నది. అదొక్కటే నీళ్ళు తగలగానే రెక్కలు కొట్టి, తల ఎత్తి, బోటు వైపు చూసినట్టు చూసి, మునిగి పోయింది. మిగతావేవీ తల ఎత్తలేదు.

గస్తీ పడవ గీత దాకా తరిమి వెనక్కి తిరిగింది. రహస ఇంజను గదిలోంచి బయటికొచ్చి, ఖాళీ డెక్కు చూసి, బీడీ వెలిగించుకున్నాడు. బిదుర తన పంచె పిండి కట్టుకున్నాడు.

సాయంత్రం తలుపు చాటునుంచి ప్రశ్న వచ్చింది.

"ఇరవై నాలుగు," అన్నాడు కులమణి. "నిండాయి."

చంపా చేతిలో గరిటె ఆగింది. కుంతల ముసుగు లోపల ఏడ్చిందో నవ్వేసిందో తెలియలేదు. లోపలికి పరిగెత్తబోయి, కడుపు పట్టుకుని, మెల్లిగా నడిచి వెళ్ళి దేవుడి ముందు దీపం పెట్టింది.

గాలి దక్షిణం నుంచే వీస్తోంది. మర్నాడూ ఆ మర్నాడూ చంపా చేపల కత్తి తీసుకుని చీకటితోనే ఒడ్డుకి వెళ్ళింది.

అయిదోరోజు కుంతలకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది, పాలకి నోరు తెరిచింది, సాయంత్రం దాటినా చల్లబడలేదు. రెండోరోజూ ఏడ్చింది. మూడోరోజు ఇంటికొచ్చాక ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. ఉచ్ఛబ గుమ్మంలో కూర్చుని ఆ ఏడుపు వింటూ, "రహస భాయి కంటే పెద్ద నోరు," అని ఒకటే నవ్వు.

ఆరోరోజు పురుడు. వాకిట్లో ముగ్గు పెట్టారు. ఆడవాళ్ళు నిండిపోయారు. మాలి ఖుడీ వచ్చింది, గుంటలు తీసిన వాళ్ళంతా వచ్చారు. స్నానాలు చేసి, తలల నిండా నూనె రాసుకుని వచ్చినా, కులమణికి వాళ్ళ దగ్గర అదే వాసన వేసింది. కోడలు అతన్ని కబురంపి పిలిపించింది. బిడ్డ చేతికి మొదటి దారం తాతే కట్టాలట. అన్ని తాబేళ్ళని ప్రాణాలతో వదిలిన చెయ్యి.

"దారం ఏదమ్మా?" అంది మాలి ఖుడీ.

"నూలు అయిపోయింది, ఎక్కడైనా ముక్కుందేమో చూస్తాను," అని కుంతల లేచి వంటింట్లోకి వెళ్ళింది. ముందు మరమరాల డబ్బా మూత చప్పుడైంది. తరవాత అటక మీది పాత డబ్బా చప్పుడైంది. చంపా లేచి అటు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆ డబ్బాలో ఏముందో ఆమెకొక్కదానికే తెలుసు. తాబేళ్ళ రెక్కల మీంచి కోసి తెచ్చిన ఆ దారాలు అమ్మవారి పాదాల దగ్గర పెట్టినవి కాబట్టి కాల్చలేకపోయింది, పారెయ్యలేకపోయింది.

వంటింట్లో చప్పుడు ఆగింది.  వాకిట్లో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. బిడ్డ చాప మీద కాళ్ళు తన్నుకుంటోంది.

కుంతల బయటికొచ్చింది. ముసుగు లేదు. నాలుగేళ్ళలో కులమణి ఆమె మొహం ఇంత దగ్గరగా చూడ్డం అదే. వాపు ఇంకా దిగలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. చేతిలో ఒకే ఒక దారం. ఎరుపు దిగిపోయి ఇటుక రంగుకొచ్చింది. కోసిన చోట పోగులు విడిపోయాయి. మీద రెండు ముళ్ళు అలాగే ఉన్నాయి.

దాన్ని మామగారి అరచేతిలో పెట్టింది.

"ఇది పాతదమ్మా," అంది చంపా. "కొత్తది పేనుదాం. ఇది వద్దు."

"పాతదని తెలుసు బొఉ," అంది కుంతల అత్తతో. "మనకి పనిచేసింది ఇదే కదా."

 కుంతల చాప మీద కూర్చుని, బిడ్డ ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకుంది.

"కట్టు బాపా."

కులమణి గొంతుక్కూర్చున్నాడు. దారం ఉప్పుకి ఎండి ఈనెలా బిరుసెక్కింది. వంగడంలేదు. నోట్లో పెట్టుకుని తడిపి మెత్తబరిచాడు. నాలుక మీద ఉప్పు కరిగింది. ఉమ్మడానికి వీల్లేదు, ఆడవాళ్ళంతా చూస్తున్నారు. మింగాడు. బిడ్డ వేళ్ళు అతని వేలిని చుట్టుకున్నాయి. వాటిని ఒక్కటొక్కటిగా విడదీసి, మణికట్టు చుట్టూ దారం తిప్పి, ముడి వేశాడు. రెండో ముడి కూడా వేశాడు.

ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి, నాలుకలాడిస్తూ శుభానికి పెట్టే హుళహుళి కూత పెట్టారు. ఎప్పుడూ అందరూ ఒక్కసారే అందుకుంటారు. ఆ రోజు ముందు మాలి ఖుడీ ఒక్కతే మొదలుపెట్టింది. తక్కినవాళ్ళు కొంచెం ఆగి కలిశారు.